పడి విరిగిందా, విరిగి పడిందా

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అక్క ఒక్క ముక్కలో తేల్చేసేది. "మా చెల్లె సిరిసిల్లల ఇనుము ఇరగ్గొడ్తది. గందుకు జీతమిస్తరు." పక్కనున్నవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు, నేను ఉడుక్కునేదాన్ని. ఉడుక్కోవడమే తప్ప కాదనడానికి లేదు. సిరిసిల్ల అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లోహాల బలం పరీక్షించే ల్యాబు నాది. వంతెనలకూ బిల్డింగులకూ వాడే కడ్డీలు మా దగ్గరికి పంపిస్తారు. రెండు చివరలా బిగించి తెగేదాకా లాగి, ఎంత బరువుకు తెగిందో రాసిస్తాం. అది జీతం కోసం చేసే పని. నా సొంత పరిశోధన వేరే ఉంది. విరిగిన ఎముకలకు వేసే స్టీలు ప్లేట్లు కొన్ని ఒంట్లోనే ఎందుకు విరిగిపోతాయన్నది దాని విషయం. విరిగి బయటికి తీసిన ప్లేట్లను తెలిసిన డాక్టర్ల దగ్గర అడిగి తెచ్చుకుని, అవి విరిగిన అంచులు చూస్తూ కూర్చుంటాను. ఇంట్లో పెళ్లి సంబంధాల మాటలు నడుస్తుంటే నేను బ్యాగులో ఎవరి తొడలోంచో తీసిన ప్లేటు పెట్టుకుని తిరిగేదాన్నని మా అమ్మ బతికున్నన్నాళ్లూ తిట్టింది.

స్టీలు ఎట్లా విరుగుతుందో బైండింగ్ వైరుతో ఆడుకున్న పిల్లలందరికీ తెలుసు. ఒక్కసారి వంచితే వంగుతుంది, అంతే. అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో పగులు పుడుతుంది. అది వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది, కంటికి కనిపించదు. బరువు పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి జరుగుతుంది. మిగిలిన స్టీలు మోయలేని రోజు వస్తుంది, ఆ రోజు టక్కున తెగుతుంది. మా పుస్తకాలు దీన్ని లోహపు అలసట అంటాయి. ఆ మాటంటే నాకు ఒళ్లుమంట. అలసిన మనిషి కాసేపు కూర్చుంటే తేరుకుంటాడు, పగిలిన స్టీలుకు తేరుకోవడం లేదు. ఎముక అతుకుతుంది, స్టీలు అతకదు. ప్లేటు వేసేది ఎముక అతికేదాకా ఆసరా కోసమే. ఎముక ఆలస్యం చేస్తే మనిషి బరువంతా దానిమీదే పడుతుంది. ఇక అక్కడినుంచి ఎముక ముందు అతుకుతుందా, ప్లేటు ముందు విరుగుతుందా అన్నదే పందెం.

కిందటేడు వానలు వెనకపట్టిన రోజుల్లో అక్క తొడ ఎముక విరిగింది. బావ బండి మీద వెనక పక్కకు తిరిగి కూర్చుని కోరుట్లకు వస్తోంది. ఊరి మొగదల రాత్రికి రాత్రి పోసిన స్పీడ్ బ్రేకరు బావ చూడలేదు. బండి ఎగిరింది, అక్క రోడ్డు మీద పడింది. జగిత్యాలలో ఆపరేషన్ చేశారు. తొడకు బయటివైపున పొడుగాటి ప్లేటు, దానికి వరసగా స్క్రూలు. నేను సిరిసిల్ల నుంచి వెళ్లేసరికి మత్తు దిగి, నొప్పికి మొహం వంకర పోతున్నా, నన్ను చూడగానే అక్కకు హాస్యం గుర్తొచ్చింది. "నీ ఇనుమే నా కాలుల వెట్టిండ్రటనే. దీన్ని గూడ ఇరగ్గొట్టకు, తల్లీ." నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎక్స్‌రే చూశాను. పని శుభ్రంగా చేశారు. వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు.

అక్క బీడీలు చేసేది. పెళ్లయి కోరుట్ల వచ్చినప్పటినుంచీ అదే పని. నేల మీద సక్లంముక్లం వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, కత్తెరతో తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ, ఇంటికొచ్చిన ప్రతి మనిషితోనూ మాట్లాడుతూనే ఉండేది. కుర్చీలో కూర్చుని బీడీలు చేయమంటే చేప నేల మీద ఈదినట్టే. చాట నిలవదు, చెయ్యి సాగదు. అందుకని కాలు విరిగాక ఆమెకు ఒకటే ఆరాటం: నడవాలి, మోకాలు వంచాలి, మళ్లీ నేల మీద కూర్చోవాలి. అప్పటిదాకా బీడీ కార్ఖానాలో ఆమె పేర ఉన్న కార్డు మీద కూతురు బీడీలు చేసింది. వాళ్లకు ఒక్కతే బిడ్డ. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. అక్కను లేపడం, స్నానం చేయించడం, వాకరు పట్టించడం, అన్నీ ఆ పిల్లే. బావ పసుపు కొట్టులో గుమస్తా. మనిషి మంచివాడు, పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి రాక.

కొన్ని వారాలకు డాక్టరు మెల్లగా బరువు వేసి నడవమన్నాడు. మళ్లీ చూపించుకున్నప్పుడు ఎముక ఇంకా పూర్తిగా అతకలేదని, కొందరికి టైం పడుతుందని, నడక మాత్రం మానొద్దని చెప్పి తరవాతి తారీఖు ఇచ్చి పంపాడు. అప్పటినుంచి నడిపించే పని మా పిల్ల తన మీద వేసుకుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటి ముందు గచ్చు మీద చుట్లు. వాకరు ముందు జరుగుతుంది, వెనక అక్క, ఆ వెనక చెయ్యి చాపి ఈ పిల్ల. పడిపోతుందేమోనని తల్లి బిడ్డ వెనక నడిచినట్టు, బిడ్డే తల్లి వెనక నడిచింది. నేను వెళ్లినప్పుడు చూసి ముచ్చటపడ్డాను. అంత ఓపిక నాకు లేదు.

చలికాలం వచ్చింది. అక్కకు తొడ నొప్పి మొదలైంది. ఇది నాకు తెలియదు. తెలియనివ్వలేదు. ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న, చాయ తాగుతున్న" అనేది. నాకు చెబితే ఎక్స్‌రే అంటాను, మళ్లీ కోయాలంటాను, నా నోటినుంచి విరిగే మాట తప్ప రాదని ఆమె భయం. మా దిక్కున ఒక నమ్మకం ఉంది. ఒంట్లో రాడ్డో ప్లేటో ఉన్నవాళ్లకు చలికాలం గుంజుతుందంటారు. ఇనుము చల్లబడుతుందట, చల్లబడి కండను పట్టి లాగుతుందట. రాడ్డు వేయించుకున్న ప్రతి మనిషీ ఇదే చెబుతాడు, ఊరంతా తలూపుతుంది. అక్క నొప్పి అన్నప్పుడు ఇంట్లో వాళ్లూ వాకిట్లోకి వచ్చినవాళ్లూ అదే అన్నారు: "సలికి గుంజుతది, ఎండలు ముదిరితె పోతది." ఇసుక వేడి చేసి మూట కట్టి కాపడం పెట్టారు. నువ్వుల నూనె రాశారు. కాలికి పాత శాలువా చుట్టి నడిపించారు. ఒంటి లోపలి స్టీలు ఎప్పుడూ ఒంటి వేడిలోనే ఉంటుంది, దానికి చలేమిటి, వేడేమిటి! ఈ ఒక్క సంగతి చెప్పగలిగిన మనిషి సిరిసిల్లలో కూర్చుని ఎవరివో ప్లేట్లు చూస్తోంది.

ఆ రోజు మా పిల్ల చేసిన బీడీలు ఒప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. అక్కడ వరస పెద్దగా ఉంది, రావడం ఆలస్యమైంది. అక్క ఇంటి వెనక బాత్రూముకు వాకరు పట్టుకుని ఒక్కతే వెళ్లింది. బట్టలుతికే బండ పక్కన పడింది. తల బండకు తగిలింది. పక్కింట్లో బట్టలు కుట్టే, అందరూ ఆపా అని పిలిచే ఆవిడ కేక విని మొదట పరుగెత్తుకొచ్చింది. ఇరుగూ పొరుగూ కలిసి జగిత్యాల తీసుకెళ్లారు కానీ దారిలోనే ప్రాణం పోయింది. డాక్టర్లు తలకు దెబ్బ అని చెప్పారు. చచ్చిపోయిన మనిషి కాలు ఎవరు చూస్తారు?

నేను వెళ్లేసరికి మా పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కంట్లో చుక్క లేదు. చుట్టూ మాటలు నడుస్తున్నాయి. తల్లిని ఇడిసిపెట్టి పోయిందట. పోయినదే గాక గా కార్ఖానా కాడ ముచ్చట్లు వెట్టుకున్నదట. తల్లి ఒక్కతే లేచిందట, కాలు జారిందట. కోనరావుపేట నుంచి వచ్చిన బావ వాళ్ల అక్క, నాకు వదినె, గట్టిగా ఏడుస్తూ గట్టిగా అంటూ ఉంది: ఇంకొక్క గడియ ఆగితె ఏమవుతుండె, నా మరదలు బతుకుతుండె. ఆమెది దొంగ ఏడుపేం కాదు. అక్క మంచాన ఉన్నప్పుడు వచ్చి నెలపాటు వండిపెట్టిన మనిషి. ఎవరో ఒకరి మీద వేయకపోతే ఆ దుఃఖం ఆమెకు దిగేది కాదు. వేసింది మాత్రం దిక్కులేని పిల్ల మీద. పుండు మీద కారం చల్లినట్టు తలా ఒక మాట. నాకు అగ్గి పుట్టింది కానీ ఏమని అడ్డుకుంటాను? పిల్ల బయటికి వెళ్లింది నిజం, తల్లి ఒక్కతే పడింది నిజం.

మూడొద్దులనాడు వాగు ఒడ్డున బూడిద మీద పాలు చల్లి, కాలగా మిగిలిన బొక్కలు ఏరుతున్నారు. బావ వంగి ఒక్కొక్కటీ కుండలో వేస్తున్నాడు. బూడిదలోంచి ప్లేటు బయటపడింది, రెండు ముక్కలుగా. బావ రెండు ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. "ఎంత గట్టిగ వడ్డదో సూడుర్రి. ఇనుమే ఇరిగింది." వదినె ఆ మాటతో మళ్లీ ఏడుపు అందుకుంది. పిల్ల ఆ ముక్కల వైపు చూసి తల దించుకుంది.

నేను చూసింది వేరే. రెండు ముక్కలూ తిన్నగా ఉన్నాయి. ఒక్క దెబ్బకు అట్లాంటి ప్లేటు వంగుతుంది, కొడవలిలా వంగుతుంది, విరగదు. వంగకుండా విరిగిందంటే అది ఒక్కనాటి పని కాదు. కట్టెల మంటకు స్టీలు నల్లబడుతుందే కానీ కరగదు, తెగదు.  అప్పటికప్పుడు అరిచి చెప్పాలనిపించింది. కానీ చూపించకుండా చెబితే అది నా కడుపుతీపి కింద పోతుంది. నాకు నేనే ఇంకా పరీక్షించుకోలేదు కూడా.

బొక్కలు ఏరడం అయ్యాక పిట్టకు పెట్టారు. విస్తరాకులో అక్కకు ఇష్టమైనవన్నీ వడ్డించారు: సర్వపిండి, పచ్చిపులుసు, మటన్ కూర, గ్లాసులో చాయ. అందరం దూరం జరిగి నిలబడ్డాం. పిట్ట ముడితే పోయిన మనిషికి తృప్తి, ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. కాకులు చెట్టు మీద ఉన్నాయి, దిగడం లేదు. ఎండ ఎక్కుతోంది. బావ దండం పెట్టి, నీ బిడ్డను మంచిగ చూసుకుంటానన్నాడు. దిగలేదు. మంచి సంబంధం చూసి చేస్తానన్నాడు. దిగలేదు. అప్పుడు వదినె పిల్ల రెక్క పట్టుకుని ముందుకు తెచ్చింది. "తప్పయిందని మొక్కు బిడ్డా. మీ అమ్మ మనసుల గదే ఉన్నట్టున్నది."

పిల్ల మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ జోడించింది. "తప్పయిందమ్మా," అంది. "ఇడిసిపెట్టి పోయిన. తప్పయింది."

కాకి దిగింది. సర్వపిండి ముక్క నోట కరుచుకుని పోయింది.

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. నా ఒళ్లు గగుర్పొడిచింది, భక్తితో కాదు. ఒక ఆడపిల్ల బతుకు మీద ముద్ర పడింది. ఊళ్లో ఇక ఎవరికీ అనుమానం లేదు. చచ్చిపోయిన తల్లే ఒప్పించుకుంది, ఇంకేం కావాలి? పిల్ల కూడా నమ్మింది. వాగు నుంచి ఇంటికి నడుస్తున్నప్పుడు ఆమె నడక చూశాను. కూలికి పోయి వచ్చిన ముసలిదానిలా ఉంది.

ఆ సాయంత్రం బావను పక్కకు పిలిచి ప్లేటు ఇమ్మని అడిగాను. వదినె విని ససేమిరా అంది. మరదలి ఒంట్లోని వస్తువు మరదలితో పాటే ధర్మపురి పోయి గోదారిలో కలవాలి, ఇంట్లో ఉంచితే అరిష్టం, ఎక్కడికో తీసుకుపోయి పరీక్షలేమిటని. ఆమె అన్నదాంట్లోనూ న్యాయముంది. నేను రోజూ చూసే ప్లేట్లు కూడా ఎవరో ఒకరి ఒంటిలోవే కదా, వాటికీ వెనక ఎవరో ఒక వదినె ఉండే ఉంటుందని ఆ క్షణంలో మొదటిసారి తట్టింది.  కాసేపటికి బావ కుండలోంచి రెండు ముక్కలూ తీసి, తువ్వాలలో చుట్టి, నా చేతిలో పెట్టాడు. దినాల నాటికి తిరిగి తెచ్చియ్యమన్నాడు. ఎందుకని అడగలేదు.

సిరిసిల్లలో మా ల్యాబు ఉన్న దారి పొడుగునా సాంచాల చప్పుడు. పొద్దున మొదలై ఆగని మరమగ్గాల చప్పుడు. ఎప్పుడూ చెవికి ఎక్కని ఆ మోత ఆ రోజు తలలో మోగింది. తలుపు వేసుకుని ముక్కలు కడిగాను. మెత్తటి బ్రష్షుతో రుద్దితే బూడిద పోయింది, కొన్ని చోట్ల అంటుకున్న మసి పోలేదు. రెండుసార్లు ఆగాను. నేను ఎవరి తొడలోవో ప్లేట్లు లెక్కలేనన్ని కడిగాను. ఇది పట్టుకుంటే అక్క చెయ్యి పట్టుకున్నట్టే ఉంది.

సూక్ష్మదర్శిని కింద పెట్టాను. మంట సన్నని వివరాలు తినేసింది, పెద్దవి మిగిలాయి. నాకు అవే చాలు. ప్లేటు మధ్యలో, ఎముక విరిగిన చోటికి సరిగ్గా పైన, స్క్రూ లేని ఖాళీ రంధ్రం ఉంది. పగులు దాని అంచున పుట్టింది. అక్కడినుంచి వంపు గీతలు, ఒకదాని వెనక ఒకటి, ఎండాకాలం కుంటలో నీళ్లు తగ్గుతూ తగ్గుతూ బురద మీద వదిలిన గీతల్లా. ఒక్కో గీత దగ్గర పగులు ఆగింది, మళ్లీ కదిలింది. రెండు ముఖాలూ ఒకదానికొకటి రాసుకుని రాసుకుని మొదటి భాగమంతా నున్నగా అరిగిపోయింది. చివర, అవతలి అంచున, గరుకుగా ఉన్న సన్నని పట్టీ. ఆఖరి రోజు దాకా అక్కను నిలబెట్టింది ఆ పట్టీ ఒక్కటే. అది తెగింది. కాలు మడతపడింది. అక్క పడింది.

పడి విరగలేదు. విరిగి పడింది.

బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది. ఆ పిల్ల ఇంట్లో ఉన్నా అక్క పడేది. ఆ పూట కాకపోతే మరో పూట, బాత్రూము దగ్గర కాకపోతే గచ్చు మీద. చెయ్యి పట్టుకుని ఉన్నా ప్లేటు తెగిపోయేదే. మంచి సాక్ష్యం దొరికిన వకీలుకు ఎట్లా ఉంటుందో నాకు అట్లా ఉంది. దినాల రోజు కోరుట్లకు బస్సెక్కినప్పుడు బ్యాగులో ప్లేటు ముక్కలు, పెద్దవి చేసి తీసిన ఫొటోలు, ఒక మూర బైండింగ్ వైరు పెట్టుకున్నాను. దారంతా ఎవరికి ఏం చెప్పాలో మనసులో అప్పజెప్పుకుంటూనే ఉన్నాను.

భోజనాలకు ముందు, చుట్టాలంతా కూర్చున్నప్పుడు, బావ ముందుకు వెళ్లి చెప్పాను. కాలేజీలో చెప్పినట్టు చెప్పలేదు. వైరు తీసి అందరి ముందూ వంచాను. ఒకసారి వంచి, ఇదిగో ఒక్క దెబ్బకు ఇట్లా వంగుతుంది, విరగదు అన్నాను. మళ్లీ వంచాను, మళ్లీ, మళ్లీ. వైరు తెగింది. తెగిన చోటు చూపించి, ప్లేటు చూపించి, ఫొటోల్లో గీతలు చూపించాను. ప్లేటు ఎన్నో రోజుల నుంచి లోపల పగులుతూ వచ్చిందని, ఆ రోజు మిగిలిన కాస్తా తెగిందని, తెగాకే అక్క పడిందని, పక్కన ఎవరున్నా ఆగేది కాదని చెప్పాను.  ఆపా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తాను మొదట టక్కుమని చప్పుడు విన్నానని, కేక ఆ తరవాత వినిపించిందని, అప్పుడే చెప్పినా ఆ ఏడుపుల్లో ఎవరూ పట్టించుకోలేదని మెల్లగా అంది.

వదినె ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. "నువ్వు సదువుకున్నదానివి, గిది గూడ చెప్పు. పిల్ల తప్పయిందన్నంకనే పిట్ట ఎందుకు ముట్టింది?"

"ఆకలైతె ముట్టింది వదినె," అన్నాను. నాకూ యాస ముంచుకొచ్చింది. "సచ్చిపోయిన మా అక్కకు తెల్వదా ఏది ముందు ఇరిగిందో? ఆమె కాలే గద. బిడ్డతోని తప్పు ఒప్పిచ్చుకుంటదా మా అక్క?"

ఆ మాట పనిచేసింది, గీతలూ ఫొటోలూ చేయని పని. వదినె మొహం మారిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత లేచి వెళ్లి పిల్లను గుండెకు హత్తుకుని, నోరు జారిన, నన్ను మన్నించు తల్లీ అని భోరుమంది. బావ అందరి వైపూ తిరిగాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. "నా బిడ్డ తప్పు లేదు. ఇనవడ్డదా అందరికి?" వినబడ్డదన్నారు. ఒకాయన, పిల్లను ఉత్తగ బద్నాం చేసినమని నొచ్చుకున్నాడు. విస్తళ్లు వేశారు. నాకు ఆ రోజు ఆకలి వేసింది. నా చదువు నావాళ్లలో ఒకరికి పనికొచ్చిన రోజు అంతకు ముందు ఏదీ లేదు. గర్వపడ్డాను, దాచడమెందుకు?

తిని చేయి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే మా పిల్ల అక్కడ గడప మీద కూర్చుని ఉంది. నేను వంచి చూపించగా మిగిలిన వైరు ఆమె చేతిలో ఉంది. దాన్ని అటూ ఇటూ వంచుతోంది. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. ఇక నిమ్మళంగా ఉండమని, అన్నం తినమని అన్నాను. తలూపింది. ఇంకా వంచుతూనే ఉంది.

"సిన్నమ్మా, దీన్ని నువ్వు వంచితివి. అమ్మ కాలుల ఎవరు వంచిండ్రు?"

 సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా బస్సులో అందరి ప్రశ్నలకూ జవాబులు తయారు చేసుకుని వచ్చాను. ఇది నాకు తట్టలేదు. ఎముక అతకలేదు కదా, బరువంతా ప్లేటు మీదే పడింది అని మొదలుపెట్టాను. కొందరికి ఎముక అట్లా మొండికేస్తుందని, అది ఎవరి చేతిలోనూ లేదని చెప్పుకుంటూ పోయాను.

"ఎప్పుడు వడ్డది బరువు? నడిచినప్పుడా?"

ప్లేటులోనే లోపం ఉందని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఆ పిల్ల నమ్మేది, నా మాట కదా. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నా కళ్లలోకి చూస్తోంది, అక్క చూసినట్టే, నేను దాస్తున్నది నా మొహంలో ముందే దొరికినట్టు.

"అవు," అన్నాను.

"సలికి కాదు."

"కాదు."

వైరు తెగింది. రెండు ముక్కలూ చూసుకుని పక్కన పెట్టింది. ఆమె గొంతులో ఏడుపు లేదు. బీడీలు లెక్క చెప్పినట్టు చెప్పింది. "నొస్తుంది బిడ్డా, ఇయ్యాల వద్దు అనేది. నేనేమొ, సలికేనమ్మా, ఇంకొక్క సుట్టు అంటుంటి. పొద్దుగాల అంటుంటి, పొద్దుమీకి అంటుంటి. నాకోసమని నడిచేది."

డాక్టరే నడవమన్నాడని చెప్పాను. నడవకపోతే కాలు కర్రలా బిగుసుకుపోతుందని, మంచం పట్టిన మనిషికి ఇంకెన్నో ముప్పులని, నేనున్నా అట్లాగే నడిపించేదాన్నని చెప్పాను. అన్నీ నిజాలే. గబగబా చెప్పాను, ఆగితే ఏమవుతుందోనని. ఆమె అన్నీ విన్నది, పెద్దవాళ్ల మాట వినే పిల్లలా. నా మాటలు అయిపోయేదాకా ఆగింది.

"అత్తమ్మ అన్నదే నయముండె సిన్నమ్మా," అంది. "ఇడిసిపెట్టి పోయింది ఒక్కపూటనే గద."

లోపలినుంచి బావ, బిడ్డా నువ్వొక్కదానివే తినలేదు, రా అని పిలుస్తున్నాడు. ఇద్దరం లేవలేదు.